కీచుగొంతు గిటారు

రేకు తోయాలి, చెయ్యి తీయాలి, పెడలు తొక్కాలి. ధన్! మళ్లీ రేకు తోయాలి, చెయ్యి తీయాలి, పెడలు తొక్కాలి. ధన్! బెంగళూరు పీణ్యలో ఒక రేకుల షెడ్డు కింద పుల్లయ్య ముప్పై ఒక్క సంవత్సరాలుగా చేస్తున్న పని ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ల కడుపులో పొరలు పొరలుగా పేర్చే పలుచని ఇనుప రేకులను అతని ప్రెస్సు రెండు ఆకారాల్లో కత్తిరించి కింద పడేస్తుంది. ఒకటి ఇంగ్లీషు 'ఈ' అక్షరంలా ఉంటుంది. రెండోది 'ఐ' అక్షరంలా నిటారుగా, విరిగిన స్కేలు ముక్కలా ఉంటుంది. చదువు ఆరో తరగతిలోనే ఆగిపోయినా, ఆ రెండక్షరాలనూ తాను దిద్దినన్నిసార్లు ఏ ప్రొఫెసరూ దిద్ది ఉండడని పుల్లయ్య ధీమా.

ఇవాళ శనివారం. పుల్లయ్య పొద్దున్నుంచీ ఈల వేస్తూనే ఉన్నాడు. ఆరు ప్రెస్సుల మోతలో ఆ ఈల ఎవరికీ వినపడదు కానీ, సున్నాలా చుట్టుకున్న పెదవులూ తాళానికి ఊగుతున్న తలా అందరికీ కనపడుతున్నాయి. పక్క ప్రెస్సు బసవరాజు ఉండబట్టలేక గొంతు చించుకున్నాడు.

"ఏం పుల్లయ్యా, భలే కుశాలుగా ఉండావు. ఇంట్లో పెండ్లా?"

"పెండ్లి కాదప్పా, ఆపరేషను! మధ్యాన్నం గిటారుకు ఆపరేషను ఉండాది!"

బసవరాజు 'ఇతని పిచ్చి ఇతనికానందం' అన్నట్టు చెయ్యి ఊపి తన పనిలో పడ్డాడు. పుల్లయ్య కింద పడిన 'ఐ' రేకుల్లో ఒకదాన్ని ఏరి, అంచుల గరుకును ఆకురాయితో రుద్ది, గుడ్డతో తుడిచి, ముద్దు పెట్టుకున్నంత పని చేసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

పుల్లయ్య పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. పెడలు తొక్కీ తొక్కీ కుడికాలి పిక్క ఎడమకాలి పిక్క కన్నా లావెక్కింది. కుడిచేతి చిటికెన వేలి కొసను పన్నెండేళ్ల కిందట ప్రెస్సు తినేసింది. 'తింటే తినింది, ఎడమచేతి జోలికి పోలేదు, దేవునికి స్తోత్రం' అంటాడు. గిటారు మెట్ల మీద తీగలు నొక్కేది ఎడమచెయ్యే కదా! చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన బిరడాలను ఒక్కరోజూ పెట్టుకోలేదు. చెవులు మూసుకుని ప్రెస్సు నడపడమూ కళ్లు మూసుకుని బండి నడపడమూ ఒకటేనని అతని సిద్ధాంతం. అచ్చు అరిగిందో లేదో దెబ్బ చప్పుడును బట్టే చెప్పేస్తాడు. బిరడాలు వచ్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం గిటారు మీటే పలకలు దాచుకున్నాడు. వస్తువును వృథా చేసే మనిషి కాడు.

పాతికేళ్లుగా ప్రతి ఆదివారమూ యలహంక పాతూరులోని తెలుగు చర్చిలో గిటారు వాయించేది అతనే. బాప్తిస్మం రిజిస్టరులో అతని పేరు జాన్. ఆ జాన్ ఎవరో ఆ రిజిస్టరుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఫ్యాక్టరీలోనూ, చర్చిలోనూ, ఇంటి కరెంటు బిల్లులోనూ అతను పుల్లయ్యే. పేరు లేని జీవితమని అతను ఏనాడూ బాధపడలేదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ ఎర్ర గిటారు మెడలో వేసుకుంటే చాలు, వారంలోని మిగతా ఆరు రోజులూ ఏమైపోయాయో అతనికి గుర్తుండదు.

అసలు చిక్కంతా పోయిన ఆదివారం వచ్చింది. గిటారులో తీగల కింద మూడు పికప్‌లుంటాయి. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ చుట్టిన పొడుగాటి పెట్టెలవి. తీగల మోతను పట్టి స్పీకరుకు అందించేవి అవే. పుల్లయ్య వాడేది ఆ చివరిది, తీగలు కట్టే బ్రిడ్జి పక్కనున్నది ఒక్కటే. మిగతా రెండూ గోనెసంచిలో మూతిపెట్టి పాడినట్టుంటాయని అతని ఫిర్యాదు. ఆ బ్రిడ్జి పికప్ మాత్రం, వినేవాళ్ల మాటల్లో చెప్పాలంటే, పలక మీద మేకుతో గీసినట్టు గీరుతుంది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు. పెద్దవాళ్లు 'టోను తగ్గించు పుల్లయ్యా' అంటారు. అతను ఎంతో శ్రద్ధగా టోను గుండీ తిప్పి 'ఇప్పుడు సరేనా?' అంటాడు. సరిగా ఉండదు, వాళ్లు ఊరుకుంటారు.

పాటల బృందానికి పెద్ద హెప్సిబా గారు మాత్రం ఊరుకోలేదు. డెబ్భై ఆరేళ్ల మనిషి, నరసాపురం నుంచి వచ్చి బెంగళూరు ఆసుపత్రుల్లో నలభై ఏళ్లు నర్సుగా చేసింది. వాచీని ఇప్పటికీ మణికట్టు లోపలి వైపుకే కట్టుకుంటుంది. ముందు బల్ల కొసన కూర్చుంటుంది. అన్నిటికన్నా పుల్లయ్యకు మండేదేమిటంటే, అతను గిటారు తీయగానే ఆవిడ చేతిసంచిలోంచి దూది తీసి, రెండు ఉండలు చేసి, అందరూ చూస్తుండగా చెవుల్లో పెట్టుకుంటుంది. మూడేళ్లుగా ఇదే తంతు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ తేల్చేసింది.

"వచ్చేవారం కోతపండుగ. జనం నిండుగా వస్తారు. ఆ కీచురాయిని ఈలోగా నిద్రపుచ్చావా సరే, లేదంటే ఆ రోజునుంచీ ఒట్టి హార్మోనియమే. పాస్టరు గారికి చెప్పేశాను."

పుల్లయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, టీ తాగుతుండగా, వైండింగు గదిలో పనిచేసే ఫర్హానాకు గోడు చెప్పుకున్నాడు. హిందూపురం మనిషి, పద్నాలుగేళ్లుగా కాయిళ్లు చుడుతోంది. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, "కాయిలు కింద ఇనుము పెడితే దాని గొంతు లావవతాదన్నా. ట్రాన్స్‌ఫార్మరు కాయిలైనా, గిటారు కాయిలైనా కాయిలు కాయిలే గదా" అంది. తాను ముప్పై ఒక్క ఏళ్లుగా కొడుతున్న 'ఐ' రేకు సరిగ్గా ఆ పికప్ వెడల్పే ఉంటుందని పుల్లయ్యకు అప్పుడు తట్టింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది! అప్పటినుంచీ మనిషి నేల మీద నిలవలేదు.

లంచి గంట కొట్టారు. పుల్లయ్య డబ్బాలోని చిత్రాన్నం నాలుగు ముద్దల్లో ముగించి, గిటారు సంచితో వైండింగు గదిలోకి దూరాడు. ప్రెస్సు షెడ్డుకు దూరంగా, తలుపులు బిగించి ఉండే గది అది. ఫర్హానా అప్పటికే బల్ల మీద గుడ్డ పరిచి, సోల్డరింగు కడ్డీ వేడెక్కించి పెట్టింది. ఆమె మిషను ఒకటి పక్కన దానంతటది కాయిలు చుట్టుకుంటోంది.

గిటారు మీది ప్లాస్టిక్ పలక ఊడదీయగానే ఫర్హానా ముక్కు మీద వేలేసుకుంది.

"అన్నా, ఈ టోను గుండీకీ నీ పికప్‌కీ కనెక్షనే లేదు! మిగతా రెండిటికే ఉండాది. ఇన్నేండ్లూ ఉత్త గుండీ తిప్పినావా?"

"ఉత్తదని నాకేం తెలుసమ్మా? తిప్పితే తగ్గినట్టే ఉండె."

ఆమె పకపకా నవ్వింది. గిటారు తయారైనప్పటినుంచే అంత, ఎవరి తప్పూ కాదని చెప్పి, స్విచ్చి దగ్గర చిన్న తీగముక్క అతికి ఆ గుండీకి ప్రాణం పోసింది. పికప్‌ను పైకి తీసి అడుగున 'ఐ' రేకు ఆనించింది. అతికించడానికి పుల్లయ్య జేబులోంచి క్రిస్మస్ నాటి కొవ్వొత్తి ముక్క తీశాడు. కరిగిన మైనం రేకు అంచుల చుట్టూ పారి గడ్డకట్టింది. మరలు రెండు తిప్పి పికప్‌ను తీగలకు కాస్త దూరంగా దించారు. పుల్లయ్య గిటారును చంటిబిడ్డలా ఒళ్లోకి తీసుకున్నాడు. తీగలు మళ్లీ బిగించి, శ్రుతి చేసి, అరచేతి వెడల్పున్న బ్యాటరీ స్పీకరుకు కలిపి, గుండీ సగానికి తిప్పి మీటాడు.

"మాషా అల్లా!" అంది ఫర్హానా. కళ్లు మూసుకుని తల ఊపింది. "ఎంత బాగుండాదన్నా! బెల్లంపాకం మాదిరి ఉండాది."

పుల్లయ్య మొహం పాలిపోయింది. "లేదమ్మా. చెడిపోయింది. గోనెసంచిలో పాడినట్టుండాది."

"నీకేమైనా పిచ్చా? ఇంతకుముందు గీరినట్టు గీరుతుండె. ఇప్పుడు చూడు..." అంటూనే ఆమె లేచింది. "ఆగన్నా, మిషను పిలుస్తాండాది." వెళ్లి నిండిన కాయిలు తీసి, కొత్తది ఎక్కించి వచ్చింది.

"మిషను పిలిచేదేందమ్మా?"

"చుట్లు అయిపోతే కుయ్యి కుయ్యిమంటాది గదా."

"ఎప్పట్నుంచి?"

ఫర్హానా అతనివంక వింతగా చూసింది. మిషను దగ్గరకు వెళ్లి ఒక మీట నొక్కి పట్టుకుంది. ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. పుల్లయ్య దగ్గరకు వచ్చాడు. ఇంకా దగ్గరకు వచ్చాడు. చెవిని మిషనుకు ఆనించాడు. మోటారు గుర్రుమనడం వినపడింది. దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతే.

"గది అదిరిపోతాందన్నా" అంది ఆమె మెల్లగా. "ఇదేందిది, చెవిటోని ముందర శంఖం ఊదినట్టు..." అనేసి నాలుక కరుచుకుంది.

పుల్లయ్య నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "అట్లయితే రోగం గిటారుది కాదు! నాది! గిటారు మంచిదే! ఆపరేషను పాసయింది గదమ్మా!" అని గంతేసినంత పని చేశాడు. ఫర్హానాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతని సంతోషం మాత్రం నిజమైనది. తన గిటారును ఊరంతా తిట్టింది, ఇన్నాళ్లకు దాని మీద పడిన నింద తొలగింది.

దిగులు సాయంత్రం బస్సులో పట్టుకుంది. జాలహళ్లి దాటేసరికి ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. ఇంటి వెనక కీచురాళ్ల అరుపు ఆగిపోయి చాలా ఏళ్లయింది. లేఅవుట్లు వేసి, చెట్లు కొట్టి, పురుగూ పుట్రా లేకుండా చేశారని అందరితో పోట్లాడేవాడు. ఎవరూ ఎదురు చెప్పకపోతే తన మాట ఒప్పుకున్నారనుకున్నాడు. భార్య ప్రేమకుమారికి వయసు మీదపడేకొద్దీ కోపం పెరిగిందనీ, ప్రతిదానికీ అరుస్తోందనీ మనసులో విసుక్కునేవాడు. కీచురాళ్లు ఎక్కడికీ పోలేదు. పెళ్లానికి కోపమూ లేదు. బిరడాల డబ్బా జేబులో తొడకు గుచ్చుకుంటోంది. పుల్లయ్యకు సిగ్గేసింది, భయమూ వేసింది. వినపడనివాడు రేపు ఏ మొహంతో వాయిస్తాడు? తనకు బాగున్నట్టు వాయిస్తే జనం చెవులు మూసుకుంటారు. జనానికి బాగున్నట్టు వాయిస్తే తనకు ఏమీ తెలియదు.

బస్సు యలహంకలో ఆగేలోపు ఒక ఉపాయం తోచింది. తోచగానే దిగులు గాలికి కొట్టుకుపోయింది. పుల్లయ్యకు దిగులు ఎప్పుడూ ఎక్కువసేపు నిలవదు. గిటారు వీపున వేసుకుని ఇంచుమించు పరుగెత్తాడు.

ప్రాక్టీసు ఐదున్నరకు. హెప్సిబా గారు ఐదింటికే వస్తుంది, ఎందుకంటే చర్చి ఐదు మెట్లూ ఎక్కడానికి ఆవిడ ఇప్పుడు రెండుసార్లు ఆగుతోంది. హాల్లో రేపటి పండుగకు చెరకు గడలు కట్టి, గుమ్మడికాయలు వరుసగా పేర్చారు. ఆవిడ తన చోట, ముందు బల్ల కొసన, తెల్లచీరలో కూర్చుని ఉంది. గిటారు సంచి కనపడగానే అలవాటుగా దూది తీసి చెవుల్లో పెట్టుకుంది. పుల్లయ్య మండిపడలేదు. స్పీకరుకు తీగ కలిపి, నేరుగా ఆవిడ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారూ! నాకు సన్న చప్పుళ్లు వినపడవంట. మధ్యాన్నమే తెలిసింది. గిటారు బాగయింది, ఈ గుండీ ఇప్పుడు పనిచేస్తాది. కానీ యాడికి తిప్పాల్నో నాకు తెలీదు. నేను తిప్పతా, మీరు చెప్పండి. మీ చెవులు ఒక పది నిమిషాలు నాకు ఇయ్యండి."

ఆవిడ అతనివంక తీరిగ్గా చూసింది.

"తెలుసయ్యా" అంది.

"ఏం తెలుసమ్మా?"

"నీకు వినపడదని. నలభై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, ఆ మాత్రం తెలీదా? ఎదురుగా పిలిస్తే పలుకుతావు, వెనకనుంచి పిలిస్తే పలకవు. మూడేళ్ల కిందటే కనిపెట్టాను."

"మరి ఒక్క మాటైనా చెప్పకపోతిరే!"

"చెబితే ఏం చేస్తావు? గిటారు మూలన పడేసి వెనక బల్ల మీద కూర్చుంటావు. నాకు తెలీదా నీ సంగతి? చెవుల్లో ఇంత దూది పెట్టుకుంటే సరిపోయేదానికి ఒక మనిషి పాట ఆపడమెందుకని ఊరుకున్నాను." ఖాళీ బల్లలవైపు చెయ్యి చూపి అంది. "కానీ అందరూ దూది తెచ్చుకోరుగా నాయనా. పిల్లలు ఏడుస్తున్నారు. అందుకని గట్టిగా అన్నాను."

మూడేళ్లుగా తనను అవమానిస్తోందనుకున్న ఆ దూది తనకోసమే పెట్టుకున్నదా! పుల్లయ్య ఆవిడకు చేతులు జోడించాడు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా, నర్సు కట్టు విప్పినంత పద్ధతిగా రెండు చెవుల్లోంచీ దూది తీసి, బల్ల కొసన పక్కపక్కనే పెట్టింది.

"ఊఁ, వాయించు."

అతను మీటాడు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. గుండీ కొద్దిగా తిప్పాడు. "ఇంకా." ఇంకొంచెం తిప్పాడు. "ఇంకా... ఇంకా... అయ్యో, మరీ అంత కాదు, చచ్చిపోయింది. వెనక్కి. ఆఁ! ఆగు, అక్కడే ఆగు!" ఆవిడ ముడతల మొహం మీద కనుబొమలు విడివడి, పెదవులు తాళానికి కదలడం పుల్లయ్య చూశాడు. తన చెవికి అది దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉంది. ఆ మొహం మీద మాత్రం పాట స్పష్టంగా వినపడింది. అతనికి ఒళ్లు పులకరించింది. జేబులోంచి గీత గీసే ఉక్కు పుల్ల తీసి, గుండీ మీదా, దాని పక్క పలక మీదా కలిసేలా ఒక సన్నని గీత గీశాడు. ప్రెస్సులో అచ్చు కుదిరినప్పుడు మరల మీద గీసే గుర్తు అది. ఇక ఎవరు కదిపినా మళ్లీ అక్కడికే తేవచ్చు.

ఐదున్నరకు అందరూ వచ్చారు. కోతపాట మూడుసార్లు పాడారు. మూడోసారి హెప్సిబా గారు లేచి నిలబడి పాడింది. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగి, అతని భుజం ఆసరాగా పట్టుకుంది.

"సోమవారం నాతో ఆసుపత్రికి రా, చెవులు చూపిద్దాం. మిషను పెడతారు, నీ గిటారు నీకే వినపడుతుంది. రేపటినుంచి నేను దూది తెచ్చుకోను, సరేనా?"

"సరేనమ్మా!" అని పుల్లయ్య అరిచిన అరుపుకు వీధి కుక్క ఒకటి లేచి నిలబడింది.

ఇంటికెళ్లగానే ప్రేమకుమారికి అంతా ఏకరువు పెట్టాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడు తెలిసెనా? ఎన్నిసార్లు చెప్తి! చెప్పినా ఇనపడలే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. వెనక వాకిలి తలుపు తీసి, కీచురాళ్లు అరుస్తున్నాయా అని అడిగాడు. అరుస్తున్నాయని ఆమె తల ఊపింది. అతను చాలాసేపు ఆ చీకటివైపు మురిపెంగా చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నానని తనే అనుకున్నాడు. ప్రేమకుమారి ఫోను మాట్లాడి వచ్చింది. ఆమె అరవలేదు. దగ్గరకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. హెప్సిబా గారు తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని, కాఫీ కలుపుకుని, కుర్చీలో కూర్చుందట. పక్కింటావిడ వెళ్లేసరికి కాఫీ చల్లారిపోయి ఉందట.

దువ్వెన చేతిలో అలాగే ఉండిపోయింది.

భూస్థాపన నాలుగింటికని, ఆరాధన మాత్రం ఆవిడ కుదిర్చిన పాటలతోనే జరుగుతుందని పాస్టరు గారు ప్రకటించారు. చర్చి కిటకిటలాడుతోంది. చర్చి ఊడ్చే గౌరమ్మ హాలంతా ఊడ్చి, తడిగుడ్డతో బల్లలన్నీ తుడిచింది కానీ, ముందు బల్లను తాకలేకపోయింది. ఆ చోట ఎవరూ కూర్చోలేదు.

పుల్లయ్య గిటారు మెడలో వేసుకున్నాడు. గుండీ గీతకు గీత కలిసిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకుని, మీటాడు. ఒక్క పిల్లా ఏడవలేదు. ఒక్కరూ చెవి మూసుకోలేదు. వెనక వరుసల్లో తలలు ఊగుతున్నాయి, నోళ్లు తెరుచుకుంటున్నాయి, చప్పట్లు తాళానికి పడుతున్నాయి. కాళ్ల కింద వేదిక చెక్క అదురుతోంది. ఏడుపొస్తున్నా వేళ్లు మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా పరుగెత్తాయి. పాట బాగుందో లేదో తెలుసుకోవడానికి అతను నిన్న నేర్చుకున్నట్టే తలెత్తి ముందు బల్ల కొసవైపు చూశాడు.

అక్కడ, నిన్న సాయంత్రం ఆవిడ తీసి పెట్టినచోటే, చెవి ఆకారంలో ఒదిగిపోయిన రెండు దూది ఉండలు పక్కపక్కనే ఉన్నాయి.